పేరు రాసే ముందు

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ తెరిస్తే పనుల పట్టికలో ‘రిసోర్స్ నేమ్స్’ అనే గడి కనిపిస్తుంది. అందులో ఒక పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఆ పని ఆ మనిషి ఖాతాలో పడిపోతుంది. ఇంత సులువుగా జరిగిపోతుంది కాబట్టే చాలామంది దీన్ని గుమాస్తా పనిగా చూస్తారు. ముందు పనులన్నీ రాసి, తేదీలు పెట్టి, పై అధికారికి చూపించి, చివర్లో తీరిగ్గా పేర్లు నింపుతారు. నా దృష్టిలో షెడ్యూలు వేసేవాళ్ళ అసలు బాధ్యత ఈ గడి దగ్గరే మొదలవుతుంది. పేరు పడినప్పటి నుంచి మీరు ఇంకొకరి గంటల్ని ఖర్చు పెడుతున్నారు. వాళ్ళను అడిగారా? అన్ని గంటలు వాళ్ళ దగ్గర ఉన్నాయా? సాఫ్ట్‌వేర్‌లోని మెనూలన్నీ నేర్చుకున్నా, ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే మీ చార్టు గోడకు అంటించుకోవడానికే పనికొస్తుంది.

ఉదాహరణకు ఇల్లు కట్టడాన్ని తీసుకుంటాను. ఆఫీసు ప్రాజెక్టుల్లో ఎవరు ఎంత పని చేశారో బయటికి కనపడదు. ఇంటి పనిలో మనుషులు, సామాను, యంత్రాలు, నీళ్ళు, ఎండావానా అన్నీ కళ్ళముందే ఉంటాయి. మనది జి ప్లస్ టూ ఇల్లు అనుకోండి. పిల్లర్లు లేచాయి, మొదటి స్లాబు దగ్గర ఉన్నాం. సెంట్రింగ్ కొట్టాలి, కడ్డీలు కట్టాలి, కరెంటు పైపులు పరవాలి, కాంక్రీటు పోయాలి, తడపాలి, సెంట్రింగ్ విప్పాలి, ఆ తర్వాత కింద గోడలు కట్టాలి.

మేస్త్రి మాటలో మూడు అంకెలు

సెంట్రింగ్ మేస్త్రిని అడగండి.

“ఈ స్లాబుకి ఎన్ని రోజులు పడుతుంది మేస్త్రీ?”

“నలుగురం దిగితే ఆరు రోజులు సార్.”

సాఫ్ట్‌వేర్‌కు కావలసిన మూడు అంకెలూ ఈ జవాబులోనే ఉన్నాయి. ఆరు రోజులు డ్యూరేషన్. నలుగురు యూనిట్లు, ఒక మనిషి పూర్తి రోజును 100 శాతంగా లెక్కిస్తారు కాబట్టి నలుగురంటే 400 శాతం. రెంటినీ గుణిస్తే, రోజుకు 8 గంటల చొప్పున, 4 × 6 × 8, మొత్తం 192 గంటలు. దాన్ని వర్క్ అంటారు. డ్యూరేషన్‌ను యూనిట్లతో గుణిస్తే వర్క్: ఈ రకం సాఫ్ట్‌వేర్లు నడిచేది ఈ ఒక్క గుణకారం మీదే. మూడింట్లో రెండు చెప్తే మూడోది అదే వేసుకుంటుంది.

మనలో ఎక్కువమంది “ఆరు రోజులు” అన్నంతవరకే రాసుకుంటారు. “నలుగురం దిగితే” అన్న షరతు గాలికి పోతుంది. తీరా పని మొదలయ్యాక ఇద్దరే వస్తారు, పన్నెండో రోజుకు కూడా పని తెమలదు. మేస్త్రి మాట తప్పాడని కోప్పడతాం. ఆయన మాటలో సగమే మనం రాసుకున్నాం, తప్పు ఎవరిది? అందుకే పని పట్టికలో డ్యూరేషన్ పక్కనే వర్క్ అనే నిలువు వరస కూడా పెట్టుకోండి. మామూలుగా తెరిచే గాంట్ చార్టులో అది కనపడదు, మీరే చేర్చుకోవాలి. పేరు వేసిన ప్రతిసారీ కళ్ళు ముందు ఆ వరస మీదికి పోవాలి.

మేస్త్రితో మాట అక్కడే ఆపకండి.

“ఎనిమిది మందిని పెడితే మూడు రోజుల్లో అయిపోతుందా?”

“ఎనిమిది మందీ నిలబడ్డానికి చోటుండొద్దా సార్? ఆరుగురైతే నాలుగున్నర రోజుల్లో తెమల్చొచ్చు.”

గుణకారం ప్రకారం ఆరుగురికి సరిగ్గా నాలుగు రోజులు. మేస్త్రి నాలుగున్నర అన్నాడు. పలకలు ఒకరికొకరు అందించుకోవాలి, ఒకే నిచ్చెన, ఒకే మూల. మనుషులు పెరిగేకొద్దీ ఒకరికొకరు అడ్డం పడే సమయం కూడా పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఈ అర రోజు సంగతి తెలియదు. ఎనిమిది మందిని వేస్తే మూడు రోజులే అని ఏ మాత్రం తడుముకోకుండా చూపిస్తుంది. ఆ అర రోజును వర్క్‌లో మీరు కలపాలి, 192 బదులు 216 అని రాయాలి. ఇది తెలిసినవాడు మేస్త్రి. అందుకే ఏ పనికైనా అంచనా ఆ పని చేసేవాళ్ళ నోటి నుంచే రావాలని నేను పట్టుబడతాను.

కదలకూడని అంకె ఏది?

మూడు అంకెల్లో ఒకటి మారితే మిగతా రెంటిలో ఏదో ఒకటి కదలాలి. ఏది కదలాలో, ఏది బిగించి ఉంచాలో చెప్పేదే టాస్క్ టైప్. పని మీద రెండుసార్లు క్లిక్ చేసి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోకి వెళ్తే ఫిక్స్‌డ్ యూనిట్స్, ఫిక్స్‌డ్ వర్క్, ఫిక్స్‌డ్ డ్యూరేషన్ అని మూడు ఉంటాయి. ఏమీ ముట్టుకోకపోతే ఫిక్స్‌డ్ యూనిట్స్ ఉంటుంది. ఈ మూడూ బట్టీపట్టాల్సినవి కావు. పని స్వభావం చూస్తే ఏది పెట్టాలో అదే తెలుస్తుంది.

కడ్డీలు కట్టే పని చూడండి. ఎంత ఇనుము, ఎన్ని కట్లు అన్నది డ్రాయింగ్‌లో తేలిపోయింది. మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి, తగ్గితే రోజులు పెరుగుతాయి, పని మాత్రం అంతే. ఇది ఫిక్స్‌డ్ వర్క్. కరెంటు పైపులు పరిచేది ఒక ఎలక్ట్రీషియన్, ఆయన హెల్పరు. ఇంటివాళ్ళు వచ్చి ఫ్యాన్ పాయింట్లు రెండు పెంచమంటే కొత్త మనిషి రాడు, ఆయనే ఇంకో పూట పని చేస్తాడు. మనుషులు మారరు, రోజులు సాగుతాయి. ఇది ఫిక్స్‌డ్ యూనిట్స్.

తడపడం, అంటే క్యూరింగ్, సంగతి వేరు. కాంక్రీటు గట్టిపడటానికి పట్టే కాలం మనుషుల సంఖ్యతో మారదు. మన దేశంలో కాంక్రీటు పనికి ప్రామాణికమైన ఐఎస్ 456, 2000 సంవత్సరపు ప్రతి ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఫ్లైయాష్ లాంటివి కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులకు పెంచమంటుంది. పొడి గాలి, ఎండ ఉన్నచోట ఏ సిమెంటైనా 10 రోజులకు తగ్గకూడదు. రాయలసీమలో, తెలంగాణలో వేసవి స్లాబు అంటే 10 రోజుల మాటే. స్లాబు కింద జాకీలు తీయడానికీ లెక్క ఉంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు, స్లాబు 4.5 మీటర్ల వరకు సాగితే 7 రోజులు, అంతకు మించితే 14. బీముల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. పై అధికారి ఎంత తొందరపెట్టినా ఇవి కదలవు. కాబట్టి ఫిక్స్‌డ్ డ్యూరేషన్.

ఇక్కడే ఒక సూక్ష్మం. సిమెంటుకు ఆదివారం సెలవు లేదు. మామూలుగా 10 రోజులని రాస్తే సాఫ్ట్‌వేర్ సెలవులు తీసేసి పని రోజులే లెక్కపెడుతుంది, క్యూరింగ్ అనవసరంగా రెండు వారాలకు సాగుతుంది. అంకె పక్కన ఈ, డీ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కొడితే గడియారం ప్రకారం నడిచే రోజులుగా తీసుకుంటుంది. అయితే అలాంటి పనికి మనిషిని తగిలించకండి. తగిలిస్తే ఆ మనిషి రోజుకు 24 గంటలూ పని చేస్తున్నట్టు వేస్తుంది. స్లాబు మీద మడులు కట్టి పొద్దునా సాయంత్రం నీళ్ళు పట్టే మనిషి పనిని వేరే వరసలో, రోజుకు రెండు గంటలైతే 25 శాతం యూనిట్లతో రాయండి. ఆ చిన్న వరస లేకపోవడం వల్ల ‘నీళ్ళు ఎవరు పట్టాలి?’ అన్న ప్రశ్న ఎవరిదీ కాకుండా పోయి, స్లాబులు ఎండి పగుళ్ళు తేలడం మన ఊళ్ళలో ఎంత మామూలో ఇల్లు కట్టినవాళ్ళందరికీ తెలుసు.

ఇంకో చిక్కు చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే కొత్తవాళ్ళు అందరూ ఇక్కడే తడబడతారు. ఒక పనికి 10 రోజులని రాశారు. ఇద్దరు మనుషుల్ని ఒకేసారి ఎంచుకుని అసైన్ కొట్టారు. వర్క్ 160 గంటలవుతుంది, 10 రోజులు అలాగే ఉంటాయి. అదే పనికి ముందు ఒకరిని వేసి, తర్వాత రెండోవారిని చేర్చారు. ‘ఎఫర్ట్ డ్రివెన్’ అన్న చోట టిక్ ఉంటే వర్క్ 80 గంటల దగ్గరే ఆగి, రోజులు 5కు తగ్గుతాయి. టిక్ లేకపోతే మళ్ళీ 160 గంటలు, 10 రోజులు. మనుషులు వాళ్ళే, పని అదే, మీరు నొక్కిన వరస మారితే జవాబు మారింది. 2010 వెర్షన్ నుంచి కొత్త పనులు ఈ టిక్ లేకుండానే పుడతాయి. పాత వెర్షన్‌లో నేర్చుకున్నవాళ్ళు అందుకే అయోమయపడతారు. ఆ 2010 లోనే పనులు మాన్యువల్లీ షెడ్యూల్డ్‌గా పుట్టే పద్ధతి కూడా వచ్చింది. పేర్లు వేయడం మొదలుపెట్టే ముందు అన్నిటినీ ఆటో షెడ్యూల్డ్‌కు మార్చుకోండి, లేకపోతే లెక్క మీరనుకున్నట్టు నడవదు. రెండో మనిషిని చేర్చగానే గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తుంది. దాన్ని నొక్కితే రోజులు తగ్గించాలా, పని పెంచాలా అని సాఫ్ట్‌వేరే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటిపోవద్దు.

అందరూ, అన్నీ ఒక పట్టికలో

రిసోర్స్ షీట్‌లో మూడు రకాలుంటాయి: వర్క్, మెటీరియల్, కాస్ట్. వర్క్ కింద మనుషులే కాదు, యంత్రాలూ వస్తాయి. కాంక్రీటు కలిపే మిల్లరు, వైబ్రేటరు కూడా ఒకేసారి రెండు చోట్ల ఉండలేవు కదా. మిల్లరును తెచ్చి దింపినందుకు ఒకసారి ఇచ్చే డబ్బును కాస్ట్ పర్ యూజ్‌లో, రోజు బాడుగను స్టాండర్డ్ రేటులో రాస్తే రెండూ విడివిడిగా నిలుస్తాయి.

మెటీరియల్‌లో తెలుసుకోవాల్సింది ఒక తేడా. స్లాబుకు 12 ఘనపు మీటర్ల కాంక్రీటు, ఎం 20 రకానికి ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాలు, మొత్తం 96 బస్తాల సిమెంటు. పోయడం ఒక రోజు పట్టినా రెండు రోజులు పట్టినా 96 బస్తాలే. యూనిట్స్ గడిలో ఊరికే 96 అని రాయాలి. గోడలు కట్టేటప్పుడు రోజుకో నీళ్ళ ట్యాంకరు తెప్పిస్తాం. దాన్ని ‘రోజుకు ఒకటి’ అని, అంటే ఒకటి పక్కన గీత గీసి రోజును సూచించే డీ అక్షరంతో రాయాలి. గోడ పని 10 రోజుల నుంచి 13 రోజులకు సాగితే ట్యాంకర్లు కూడా 13 అవుతాయి, ఖర్చు తనంతట తానే పెరుగుతుంది. ఆలస్యానికి ఖరీదు ఎంతో కళ్ళకు కనపడేది ఇలా రాసినప్పుడే. కాస్ట్ రకం ఫీజులు, రవాణా లాంటి ఒక్క మొత్తాలకు. దాని గురించి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

క్యాలెండర్ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే స్టాండర్డ్ క్యాలెండర్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 8 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి 5. మన సైట్లలో శనివారం పని ఉంటుంది. చాలా చోట్ల అమావాస్య నాడు మేస్త్రులు పనిముట్టు పట్టరు. సంక్రాంతికి భోగి నుంచి కనుమ దాకా మాత్రమే సెలవని ఆఫీసు అనుకుంటుంది. ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు తిరిగి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో మేస్త్రి చెప్తాడు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన బృందాలు పనిలో ఉంటే వాళ్ళ పండగలు వేరు, వాళ్ళ రైలు ప్రయాణాలు వేరు. మే నెలలో మిట్టమధ్యాహ్నం స్లాబు మీద మనిషి నిలబడకూడదు. ఆ నెలకు పని వేళల్ని తెల్లవారుజాముకూ సాయంత్రానికీ మార్చాలి. ప్రతి రిసోర్సుకూ సొంత క్యాలెండర్ పెట్టుకోవచ్చు కాబట్టి ఎలక్ట్రీషియన్ది ఒకలా, సెంట్రింగ్ బృందానిది ఇంకోలా ఉండొచ్చు. ఇవన్నీ నింపడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఖర్చు పెట్టడానికి బద్ధకిస్తే, మనుషులు లేని రోజుల్లో పనులు పూర్తవుతున్నట్టు చూపే షెడ్యూలు వస్తుంది.

రోజు పనిని 8 గంటల నుంచి 9 గంటలకు పెంచినవాళ్ళు ఆప్షన్స్‌లో ‘అవర్స్ పర్ డే’ని కూడా 9కి మార్చాలి. అది 8 దగ్గరే ఉండిపోతే మీరు ఒక రోజు అన్న ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ 8 గంటలని అర్థం చేసుకుంటుంది, పనులన్నీ సాయంత్రం ఓ గంట ముందే ముగుస్తుంటాయి.

ఎవరు వస్తారో ఇంకా తేలని దశలో పేర్ల బదులు ‘ఎలక్ట్రీషియన్’, ‘టైల్స్ మేస్త్రి’ అని పాత్రలే రాసుకోండి. వీటిని జెనరిక్ రిసోర్సులంటారు. మనిషి ఖాయమయ్యాక పేరు మార్చవచ్చు. గల్ఫ్‌లో ప్లానింగ్ ఇంజనీర్లుగా ఉన్న మనవాళ్ళు ఎక్కువగా వాడే ప్రైమవెరాలో దీనికి రోల్స్ అని విడిగా ఏర్పాటే ఉంది. అక్కడ రిసోర్సు రకాలను లేబర్, నాన్‌లేబర్, మెటీరియల్ అంటారు. పేర్లు వేరైనా లోపలి గుణకారం అదే. డబ్బు పెట్టి కొనలేనివాళ్ళకు ప్రాజెక్ట్‌లిబ్రే ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోవడానికి అది చాలు.

ఎర్ర బొమ్మ

ఇప్పుడు బుధవారం సంగతి చూద్దాం. మొదటి అంతస్తు పైకప్పు స్లాబు మీద కరెంటు పైపులు పరవాలి, ఎలక్ట్రీషియన్ 100 శాతం. అదే రోజు కింద గోడలకు గాళ్ళు కొట్టి పైపులు బిగించాలి, ఎలక్ట్రీషియన్ 100 శాతం. మొత్తం 200 శాతం, ఒక రోజులో 16 గంటలు. పని పక్కన చిన్న ఎర్రటి మనిషి బొమ్మ వస్తుంది. ఓవర్ అలొకేషన్ అంటే ఇదే.

చాలా ఆఫీసుల్లో ఈ ఎర్ర బొమ్మను చూసి చూడనట్టు వదిలేస్తారు. కొందరు ఆ మనిషి మాక్స్ యూనిట్స్‌ను 100 నుంచి 200కు పెంచేస్తారు, ఎరుపు మాయమవుతుంది. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది: అది లెక్క సరిచేయడం కాదు, ఒక మనిషి రాత్రి నిద్రను కాగితం మీద కొట్టేయడం. ఆ ఎరుపును పట్టించుకోకపోతే రెండింట్లో ఒకటి జరుగుతుంది. పని ఆగిపోతుంది, లేదా ఆయన పదహారు గంటలు పని చేస్తాడు. పదహారో గంటలో కరెంటు పని చేసే చేతులు వణుకుతాయి. రెండూ ఇంటికి మంచివి కావు.

అన్ని ఎరుపులూ నిజం కావు, అదీ తెలియాలి. పొద్దున పూట ఒక పని, మధ్యాహ్నం పూట ఇంకో పని అనుకుని రెండింటినీ నాలుగేసి గంటలు రాశారు. కానీ రెండూ 8 గంటలకే మొదలవుతున్నట్టు ఉంటే సాఫ్ట్‌వేర్ ఎరుపు చూపిస్తుంది. రోజు మొత్తం 8 గంటలే కాబట్టి భయపడాల్సింది లేదు. రిసోర్స్ యూసేజ్ వ్యూలోకి వెళ్ళి రోజువారీ గంటలు చూడండి, ఏది నిజమో తేలుతుంది.

నిజమైన ఎరుపుకు మందులు కొన్ని ఉన్నాయి. వేరే ఎలక్ట్రీషియన్ను వేయడం, ఒక పనిని వెనక్కి జరపడం, పనిని రెండు ముక్కలు చేయడం, లేదా ఇంటివాళ్ళతో మాట్లాడి తేదీ మార్చుకోవడం. లెవెలింగ్ అనే మీట వీటిలో రెండు మాత్రమే చేస్తుంది: జరుపుతుంది, ముక్కలు చేస్తుంది. కొత్త మనిషిని తేదు, మాట్లాడటం చేతకాదు. కాబట్టి నొక్కే ముందు దానికి నాలుగు మాటలు చెప్పి ఉంచాలి. ప్రతి పనికీ 0 నుంచి 1000 దాకా ప్రయారిటీ ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోతే 500. కాంక్రీటు పోసే పనికి 1000 ఇవ్వండి, దాన్ని లెవెలింగ్ ముట్టుకోదు. ఆ రోజుకు మిల్లరు, ముప్పై మంది కూలీలు, ఇసుక లారీలు అన్నీ చెప్పి ఉంటాయి. ఒక్కరి కోసం అది జరగకూడదు. పోసే పని మధ్యలో తెగకూడదు కూడా. తెగితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య కోల్డ్ జాయింటు పడి అక్కడే నీరు కారుతుంది. లెవెలింగ్ ఆప్షన్లలో పనుల్ని ముక్కలు చేయడానికి అనుమతించే టిక్‌లు తీసేసి నడపండి. ‘ఉన్న వెసులుబాటులోనే జరుపు’ అన్న ఆప్షన్ పెడితే మొత్తం ప్రాజెక్టు ముగింపు తేదీ కదలదు, కానీ ఎరుపు కొంత మిగిలిపోవచ్చు. మిగిలిన ఆ ఎరుపే మీరు ఎవరితో మాట్లాడాలో చెప్తుంది. ఫలితం నచ్చకపోతే క్లియర్ లెవెలింగ్ నొక్కితే పాత తేదీలు తిరిగొస్తాయి, కాబట్టి భయం అక్కర్లేదు. లెవెలింగ్ గాంట్ వ్యూలో ముందు తేదీలు, తర్వాతి తేదీలు ఒకదాని కింద ఒకటి కనపడతాయి.

ఈ బాధ పాతదే. 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కోసం క్రిటికల్ పాత్ పద్ధతి తయారైనప్పుడు ఏ పని తర్వాత ఏ పని అన్నదే ప్రధానంగా చూశారు. కావలసినప్పుడల్లా మనుషులూ యంత్రాలూ దొరుకుతాయన్నట్టే ఆ లెక్క సాగుతుంది. 1997లో గోల్డ్‌రాట్ క్రిటికల్ చెయిన్ పేరుతో పుస్తకం రాసి, పనుల వరసతోబాటు ఒకే మనిషి కోసం ఎదురుచూసే పనుల గొలుసును కూడా చూడాలని వాదించాడు. మన ఉదాహరణలో గాంట్ చార్టు ప్రకారం గోడ పైపులకూ స్లాబు పైపులకూ సంబంధమే లేదు. రెంటినీ కలిపేది ఎలక్ట్రీషియన్ ఒక్కడు. ఆ బాణం గుర్తు చార్టులో ఎవరూ గీయరు, అయినా ఇంటి గృహప్రవేశం తేదీని నిర్ణయించేది అదే కావచ్చు.

వంద శాతం మనిషి లేడు

సైటు ఇంజనీరు పేరు ఎదురుగా 100 శాతం రాయకండి. రోజంతా ఆయనకు ఫోన్లు వస్తాయి, కొలతలు తీయాలి, బిల్లులు రాయాలి, మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాలి, మేస్త్రికీ ఇంటాయనకూ మధ్య మాట కుదర్చాలి. ఇవేవీ మీ పనుల పట్టికలో లేవు. 70, 75 శాతం రాస్తే ఆయన నిజంగా ఇవ్వగలిగింది రాసినట్టు. ఐటీ ఆఫీసుల్లో టీమ్ లీడర్లకైతే ఇంకా తగ్గించాలంటాను. రోజులో సగం మీటింగుల్లో పోయే మనిషికి పూర్తి రోజు కోడింగ్ అప్పగించి, ఆలస్యమైతే ఆ మనిషిని నిలదీయడం అన్యాయం.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఇంకో రకం అన్యాయం కనపడుతుంది. ఒక టెస్టరు మూడు ప్రాజెక్టుల్లో ఉంటారు, ఒక్కో ఫైలులో 50 శాతం. ఏ ఫైలు తెరిచినా ఎరుపు లేదు. ముగ్గురు మేనేజర్లూ నిశ్చింతగా ఉన్నారు, 150 శాతం మోస్తున్న మనిషి మాత్రం రాత్రి పదింటికి క్యాబ్ ఎక్కుతున్నారు. సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. ఒక ఫైలుకు ఇంకో ఫైలు కనపడదు అంతే. దీనికి రిసోర్స్ పూల్ ఉంది. మనుషులందరి పేర్లూ ఒక ఫైలులో పెట్టి, మిగతా ప్రాజెక్టు ఫైళ్ళను దానికి కలిపితే ముగ్గురు మేనేజర్ల కేటాయింపులూ ఒకచోట చేరతాయి, ఎరుపు బయటపడుతుంది. ఇది మెనూలో రెండు క్లిక్కుల పని. ముగ్గురు మేనేజర్లు ఒకచోట కూర్చోవడమే కష్టం. అయినా కూర్చోబెట్టండి.

ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్త మనుషుల్ని గుమ్మరించే అలవాటు గురించి ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ‘ద మిథికల్ మ్యాన్-మంత్’లో హెచ్చరించాడు. ఐబీఎం వాళ్ళ ఓఎస్ 360 తయారీని నడిపిన అనుభవం అది. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి పాతవాళ్ళే కూర్చోవాలి, మాట్లాడుకోవాల్సిన జతలు కూడా పెరుగుతాయి. ఐదుగురిలో 10 జతలుంటే పదిమందిలో 45. మనుషులు రెట్టింపైతే జతలు నాలుగు రెట్లు దాటాయి. సెంట్రింగ్ మేస్త్రి “నిలబడ్డానికి చోటుండొద్దా” అన్నదీ ఇదే లెక్క. స్లాబు మీద చోటు కంటికి కనపడుతుంది, సాఫ్ట్‌వేర్ పనిలో కనపడదు. అక్కడ మూడో మనిషిని, నాలుగో మనిషిని చేర్చేటప్పుడు పనిగంటలు అలాగే ఉంటాయని నమ్మకండి. వర్క్ వరసలో అంకెను మీ చేత్తో పెంచండి.

శనివారం సాయంత్రం

పేర్లన్నీ పడి, ఎరుపు తీరాక బేస్‌లైన్, అంటే తర్వాత పోల్చుకోవడానికి ఈ తేదీల నకలు, దాచుకోండి. ముందే దాచుకుంటే ప్రయోజనం లేదు, మనుషులు లేని తేదీలతో పోల్చుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. మొత్తం 11 బేస్‌లైన్ల దాకా ఉంచుకోవచ్చు కాబట్టి పెద్ద మార్పు జరిగినప్పుడల్లా ఇంకోటి దాచుకోవడానికి వెనకాడక్కర్లేదు.

పని సాగుతున్నప్పుడు మనం అడిగే మామూలు ప్రశ్న “ఎంత శాతం అయింది?” అని. ఈ ప్రశ్నకు ప్రతివాళ్ళూ తొంభై అంటారు, తర్వాతి వారం కూడా తొంభై అంటారు. దాని బదులు రెండు ప్రశ్నలు అడగండి: ఈ వారం ఎందరు ఎన్ని రోజులు చేశారు, ఇంకా ఎంత మిగిలింది? మొదటిది యాక్చువల్ వర్క్, రెండోది రిమైనింగ్ వర్క్. వారం కూలి ఇచ్చే శనివారం సాయంత్రం దీనికి మంచి సమయం. హాజరు పుస్తకం మేస్త్రి చేతిలో ఉంటుంది, లెక్క తాజాగా ఉంటుంది. కడ్డీలు కట్టే మేస్త్రి “ఇంకా ఇద్దరికి మూడు రోజుల పని ఉంది సార్” అంటే రిమైనింగ్ వర్క్‌లో 48 గంటలని రాయండి. కడ్డీల పని ముగిసే తేదీ సోమవారం నుంచి బుధవారానికి జరిగితే కరెంటు పైపులు గురువారానికి పోతాయి. ఎలక్ట్రీషియన్‌కు ఆ సాయంత్రమే ఫోన్ చేయండి. గురువారానికి ఆయన ఇంకో ఇంటి పని ఒప్పుకుని ఉండొచ్చు.